గురజాలలో నూనె సీసా

స్తోత్రం నీకు ప్రభువా. ఒక మొక్క ఆకు మీద కంటికి ఆనని నూగును మొలిపించి, ఆ నూగు చివర బొట్టంత జిగురు దాచినవాడవు నీవు. ఆ జిగురులోని అణువు వచ్చి కూర్చునే చోటును మనిషి మెదడులో ముందే అమర్చి ఉంచినవాడవు నీవు. మేము వెతకక ముందే దాచావు. వెతికేవాళ్ళకు దారి చూపించావు. పోయి క్షేమంగా తిరిగి వచ్చి ఈ నాలుగు మాటలు రాసుకునే బలం ఇచ్చిన నీకే మహిమ.

నేను చేసింది విహారయాత్ర కాదు. పల్నాడు చూడనివాళ్ళకు కోటప్పకొండ మెట్ల గురించో, నాగార్జునసాగర్ గేట్ల గురించో చెబుదామన్నా నేను వాటి దగ్గర ఆగనేలేదు. నేను పోయింది ఒక చిన్న సీసా కోసం.

నా పేరు దయామణి. ఉత్తరాదిన ఒక పరిశోధనాలయంలో ముప్పై ఏళ్ళు గంజాయి మొక్కలోని రసాయనాలు మెదడు మీద ఎలా పనిచేస్తాయో చూస్తూ గడిపాను. ఉద్యోగం అయిపోయాక సికింద్రాబాదులో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు. గురువారం గురువారం మా సంఘం స్త్రీలతో కలిసి ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డుకు పోయి, ఒప్పుకున్నవాళ్ళ మంచం దగ్గర ప్రార్థన చేసి వస్తుంటాను. పోయిన వానాకాలంలో అక్కడే గురజాల అమ్మాయి సలోమి పరిచయమైంది. ఆమె కూతురు కెజియాకు ఎనిమిదేళ్ళు. పాలు తాగే వయసు నుంచి మూర్ఛలు. మాత్రలు ఎన్ని మార్చినా నిలబడలేదని ఆ రోజే డాక్టరు కొత్త మందు ఒకటి కలిపాడు. నూనెలా ఉండే మందు, చిన్న సీసాలో.

"ఏం మందు పెద్దమ్మా ఇది?" అని సలోమి సీసా నా చేతిలో పెట్టింది.

పేరు చదివి మంచం అంచు మీద కూర్చుండిపోయాను. నా ముప్పై ఏళ్ళ పని ఆ సీసాలో ఉంది. దాన్ని ఎలుకలకు ఇచ్చాను, గాజు పలకల మీద చూశాను, తూకాలు వేశాను. అది తాగబోయే మనిషిని మాత్రం అంతవరకు చూడలేదు. ఇది గంజాయి మొక్క నుంచి తీసిందనీ, మత్తు ఉండదనీ, కొందరు పిల్లలకు బాగా పనిచేస్తుందనీ, ధైర్యంగా వాడమనీ చెప్పాను.

క్రిస్మసు దాటాక సలోమి ఫోన్ చేసింది. "పనిచేయటంలా పెద్దమ్మా. రోజుకి మూడు నాలుగుసార్లు వస్తానే ఉంది. వచ్చే నెల చూసి, ఇట్టాగే ఉంటే ఈ మందు ఆపేద్దామన్నాడు డాక్టరు. దీని తర్వాత ఇంక వేరే మందు లేదంట."

ఆ మందు అందరికీ పనిచేయదని నాకు తెలుసు. అయినా మనసు ఊరుకోలేదు. మోతాదు సరిగా పడుతోందా, ఖాళీ కడుపున ఇస్తున్నారా, ఒకసారి కళ్ళతో చూసి వద్దామనుకున్నాను. పాప కోసం అని అందరికీ చెప్పాను. నాకోసం కూడా అని చెప్పలేదు.

నరసరావుపేట

చదువుకునే రోజుల్లో నేను నరసరావుపేటలో ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. గురజాలకు దగ్గర దారి వేరే ఉన్నా ఆ ఊరు చూసి పోదామనిపించింది. బస్టాండులో మస్తాన్ అనే ఆటో ఆయన నా సంచి అందుకున్నాడు.

"యాడికమ్మా?"

"చర్చికి."

"ఏ చర్చి? ఈడ బజారుకొకటి ఉంది."

"ఆడపిల్లల హాస్టలు పక్కది."

"హాస్టలా? అది పోయి చానా ఏళ్ళాయెగదమ్మా. దాని జాగాలో ఫంక్షన్ హాలు లేచింది. చర్చి ఉందిలే, కూర్చోండి. ఒక్కరేనా?"

ఒక్కదాన్నేనన్నాను. దారిలో ఏం చేస్తుంటావని అడిగాడు. మందుల మీద పరిశోధన చేసేదాన్నని చెప్పగానే ఆటో వేగం తగ్గించాడు. "అయితే మా ఆవిడ మోకాళ్ళకి ఏదన్నా చెప్పండి."

"నేను మనుషుల డాక్టర్ని కాదు బాబూ. నేను చూసింది ఎలుకల్ని."

"ఎలకలకి మోకాళ్ళు ఉండవా ఏంది?" అని వెనక్కి తిరిగి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు అదే నా మొదటి నవ్వు.

ఒక గొడౌను ముందు వెదురు బొంగులు కొండలా పడి ఉన్నాయి. శివరాత్రికి కోటప్పకొండకు తీసుకుపోయే ప్రభలు కడతారట వాటితో, మేడంత ఎత్తున. "మా తమ్ముడిది లైటింగ్ పని. ఏటా ఒక ప్రభకి కరెంటు వాడిదే. బల్బులు ఎలిగేదాకా ఉపాసం ఉంటాడు," అని మస్తాన్ గర్వంగా చెప్పాడు. ఆయన తమ్ముడు నమాజు చేసేవాడు, ఆ పండగ శివుడిది. సికింద్రాబాదులో మా మెట్ల మీద ఎదురుపడ్డవాళ్ళు ఏ పండగ చేసుకుంటారో కూడా నాకు తెలియదు.

చర్చి తాళం వేసి ఉంది. మెట్టు మీద కూర్చున్నాను. లోపల నాకు బాప్తిస్మం ఇచ్చిన తొట్టి ఉండాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి ఎండాకాలం సెలవులకు వచ్చేదాన్ని. ఆదివారం నన్ను నిలబెట్టి, దేవుడు నాకు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యం చెప్పించేవాళ్ళు. మన పిల్ల సైంటిస్టు అయిందని పెద్దవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. ఒక ఏడు ఒక పెద్దాయన, ఏ మందు మీదమ్మా పరిశోధన అని అడిగారు. చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోలేదు, చిన్నదయింది. మరుసటేడు సాక్ష్యానికి నన్ను పిలవలేదు. ఆపై ఏడు కూడా పిలవలేదు. ఎవరూ నన్ను వెలివేయలేదు, ఒక్క మాట అనలేదు. పిలవడం మానేశారంతే. నేనూ రావడం మానేశాను.

పరిశోధనాలయంలో సంగతి వేరు. అక్కడ అన్నం ముందు నేను కళ్ళు మూసుకుంటే బల్ల చుట్టూ మాటలు ఆగిపోయేవి. తెరిచేసరికి అందరూ ఎటో చూస్తూ ఉండేవాళ్ళు. అట్లా చర్చిలో నా పని గురించి, పని దగ్గర నా దేవుని గురించి మాట్లాడకుండా బతకడం అలవాటైపోయింది.

సాయంత్రం ఒక హోటల్లో కారం దోసె తిన్నాను. నలభై రూపాయలు. సికింద్రాబాదులో అదే పేరుతో ఇచ్చేది ఎర్రగా ఉంటుంది, అంతే. ఇక్కడిది కళ్ళలో నీళ్ళు తెప్పించింది. ప్లేటు పెట్టిన ఆయన ఎదుటి కుర్చీ చూపించి, "ఇంకెవరన్నా వస్తారా, మీరొక్కరేనా?" అన్నాడు. అవునన్నాను. ఆ కుర్చీ పక్క బల్లకు లాక్కుపోయాడు.

పిడుగురాళ్ళ దారిలో

మర్నాడు గురజాల బస్సెక్కాను. కిటికీ బయట కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రటి తివాచీల్లా ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు బస్సులో సగం మంది దగ్గుతున్నారు. నా పక్కన రేగుపళ్ళ బుట్టతో ఒకావిడ కూర్చుంది. పిడుగురాళ్ళ రాకముందే పోలీసులు బస్సు ఆపారు. తనిఖీ.

కుర్ర కానిస్టేబుల్ నా సంచి తెరిచాడు. పరిశుద్ధ గ్రంథం, బిస్కట్ పొట్లాలు, మందు కొలిచి నోట్లో పోసే సిరంజీలు ఉన్నాయి.

"ఏందమ్మా ఈ సిరంజీలు?"

"చిన్నపిల్లకు మందు పోయడానికి నాయనా. చూడు, సూదులు లేవు."

"నర్సమ్మా?"

"కాదు. పరిశోధన చేసేదాన్ని."

"దేని మీద?"

అబద్ధం ఆడటం నాకు రాదు. "గంజాయి మీద," అన్నాను.

పక్కావిడ రేగుపళ్ళ బుట్ట ఒళ్ళోకి లాక్కుంది. కానిస్టేబుల్ కిటికీలోంచి తల పెట్టి, "సార్! ఈడికొకసారి రండి," అని కేకేశాడు.

ఎస్సై ఎక్కాడు. నా నెరిసిన జుట్టు చూశాడు, సంచిలో గ్రంథం చూశాడు. "అమ్మా, మేం దాన్ని పట్టుకోడానికి ఎండలో చస్తన్నాం. మీరు దానితో ఏం చేసేవాళ్ళు?"

"తాళం వేసేదాన్ని బాబూ. మా బీరువాకు రెండు తాళాలు. చిటికెడు తీస్తే రాసి సంతకం పెట్టాలి. ఏటా ఎక్సైజు వాళ్ళు వచ్చి తూకం వేసుకుని పోయేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తూకం తగ్గలేదు."

"అయితే మాకన్నా మీరే నయం," అని ఎస్సై నవ్వి దిగిపోయాడు. బస్సు కదిలింది.

కాసేపటికి పక్కావిడ బుట్ట మళ్ళీ కింద పెట్టింది. "అది తింటే పిచ్చెక్కుద్దంట గదమ్మా?"

"ఆ మొక్కలో చాలా రసాయనాలు ఉంటాయమ్మా. మత్తెక్కించేది ఒకటి. నేను ఎక్కువగా పనిచేసింది ఇంకొకదాని మీద. దానికి మత్తు లేదు. మూర్ఛలు తగ్గించే గుణం ఉంది."

"ఒకే చెట్టుకా?"

"ఒకే చెట్టుకే."

ఆమె చాలాసేపు మిరప కళ్ళాల వైపు చూసింది. తర్వాత దోసిలి నిండా రేగుపళ్ళు నా ఒళ్ళో పోసింది. "తిను. ఒక్కదానివే పోతన్నావా ఇంత దూరం?"

గురజాల

సలోమి ఇల్లు నాపరాళ్ళ గోడలది. ఈ వైపున రాయి చవక, ఇటుక ఖరీదు. దొడ్డి గోడ, అరుగు, నీళ్ళ గాబు మూత, అన్నీ నల్లటి పలకలే. సలోమి భర్త ఆ రాళ్ళ లారీ తోలతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. సలోమి తెల్లారకముందే మిరప కోతకు పోతుంది. పాపను చూసుకునేది అత్త మార్తమ్మ. సంఘంలో పెద్ద ప్రార్థనాపరురాలని ఆమెకు పేరు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. నన్ను కింద నుంచి పైకి చూసి, "నువ్వేనా గంజాయి డాక్టరమ్మవి?" అంది.

"డాక్టర్ని కాదక్కా."

"మరింకేంది?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. జొన్నన్నం, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ పెట్టింది. నేను కళ్ళు మూసుకుంటే ఆమె కూడా మూసుకుని, నాకన్నా ముందే బిగ్గరగా ప్రార్థన మొదలుపెట్టింది. ఎన్ని ఏళ్ళ తర్వాతో నా అన్నం కోసం ఇంకొకరు దేవునికి వందనాలు చెప్పగా విన్నాను.

ఆమెన్ అనేలోపే అరుగు మీద ఏదో దొర్లిన చప్పుడైంది. కెజియా పడిపోయింది.

మూర్ఛలు నాకు కొత్త కాదు. ఎలుకలకు వచ్చిన మూర్ఛకు మేము తీవ్రతను బట్టి అంకె వేసేవాళ్ళం. వేలసార్లు వేసి ఉంటాను. కానీ పిల్లను ఒక పక్కకు తిప్పి, తల కింద నా కొంగు పెట్టి, ఆ బిగుసుకున్న భుజం పట్టుకున్నప్పుడు నాకు ఏ అంకే గుర్తు రాలేదు. మార్తమ్మ మొలలోంచి తాళాల గుత్తి తీసి పాప పిడికిట్లో పెట్టింది. ఇనుము పట్టిస్తే ఫిట్స్ ఆగుతాయని ఇక్కడివాళ్ళ నమ్మకం. పెదాలు మాత్రం యేసయ్యా యేసయ్యా అంటూనే ఉన్నాయి. నేను వద్దనలేదు. మెదడులో ఆ మందు పనిచేసే చోట్ల గురించి కొత్తగా చేరిన విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను కూడా తాళాలు, తాళంచెవులు అనే చెప్పేదాన్ని.

కాసేపటికి పాప కళ్ళు తెరిచి, "ఎవరు నువ్వు?" అంది.

"మీ పెద్దమ్మమ్మని," అన్నాను. ఏ బంధమో ఆలోచించకుండానే నోటికి వచ్చింది.

శుక్రవారం

పొద్దున సలోమి కోతకు పోయింది. కెజియా జడ వేయమని దువ్వెన తెచ్చి నా ఒళ్ళో ఒరిగింది. పాయలు విడదీస్తుంటే ఒక వాసన వచ్చింది. నువ్వుల నూనె. దాని వెనక పిల్లలు మారాం చేయకుండా మందులో కలిపే తియ్యటి పండు వాసన. ఏళ్ళ తరబడి వాసనతోనే సీసాలు గుర్తుపట్టిన ముక్కు నాది.

"నానమ్మ తలకు ఏం రాస్తుందే?"

"మందు."

"మరి నోట్లో పోసేది?"

"నోట్లో పోయదు. అది ప్రార్థన నూనె. తాగగూడదు."

దొడ్లో మార్తమ్మ బియ్యం చెరుగుతోంది. ఎదురుగా కూర్చుని అడిగాను. "అక్కా, పాపకు ఆ నూనె మందు ఎట్లా ఇస్తున్నావు?"

"ఎట్టా ఏంది? అయ్యగారి చేత ప్రార్థన చేయించి రెండు పూట్లా మాడుకి అంటతన్నా. ఒక్క పూట తప్పలా."

"సలోమికి తెలుసా?"

"అప్పుడు కలుపులకి, ఇప్పుడు కోతలకి చీకటితో పోయి చీకటితో వస్తది. మందు ఏశావా అత్తా అంటది, ఏశానంటా. ఎట్టా అని అదీ అడగలా."

"నోట్లో పొయ్యాలి గదక్కా అది."

చేట కింద పెట్టింది. "ఏమే, గంజాయి నూనె పసిదాని నోట్లో ఎట్టా పోస్తానే? అందుకే బల్ల దగ్గర పెట్టించా, శుద్ధి కావాలని. రోగికి నూనె రాసి ప్రార్థన చేయమని వాక్యంలో ఉందా లేదా? తాగించమని ఉందా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు."

బైబిల్లో రాయమనే ఉంది. ఆమె చెప్పింది తప్పు కాదు. వాళ్ళ సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఇంటికొక నూనె సీసా తెస్తారు. ప్రసంగ బల్ల కింద పెడతారు. పాస్టరు గారు ప్రార్థించాక దాన్ని వారమంతా జబ్బుపడ్డవాళ్ళ తలకు రాస్తారు. మా సికింద్రాబాదు సంఘంలో జబ్బు చేస్తే వాట్సాపులో పెడతాం, చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. నూనె వాసన నేను మరిచిపోయి చాలా కాలమైంది.

నిజం చెబుతున్నాను, నాకు ముందు వచ్చింది కోపం కాదు. సంతోషం. మందు ఓడిపోలేదు. ఇంకా లోపలికే పోలేదు. ఆ వెంటనే భయం వేసింది. ఇంకొక్క నెల ఇట్లాగే గడిస్తే, పనిచేయలేదని రాసి ఆపేసేవాళ్ళు.

డాక్టరుకు ఫోన్ చేశాను. "తలకా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత వివరంగా చెప్పాడు. ఇన్నాళ్ళూ ఒంట్లో పడలేదు కాబట్టి ఇప్పుడు ఒకేసారి నిండు మోతాదు ఇవ్వకూడదు, మొదట ఇచ్చిన కొద్ది మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాలి, మాత్రలు ఒక్కటి కూడా ఆపకూడదు, అన్నం తిన్నాక ఇవ్వాలి, మరీ మగతగా ఉంటే వెంటనే ఫోన్ చేయాలి. అంతా మార్తమ్మకు చెప్పాను. "డాక్టరుకి వాక్యం ఏం తెలుసు," అని ఆమె చీర మార్చుకుని పాప చెయ్యి పట్టుకుని ప్రార్థనకు బయలుదేరింది. వెనకాలే నేను నడిచాను.

చర్చిలో చాపల మీద ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. బల్ల కింద కొబ్బరి నూనె సీసాల మధ్య ఆసుపత్రి చీటీ అంటించిన చిన్న సీసా. పాటలు అయ్యాక పాస్టరు గారు నన్ను చూసి, "దూరం నుంచి వచ్చిన అమ్మగారు ఒక సాక్ష్యం చెబుతారు," అన్నారు.

సాక్ష్యానికి నన్ను పిలిచి పాతికేళ్ళు దాటింది. లేచాను.

దాచకుండా చెప్పాను. నా బతుకంతా గంజాయి ఆకు మీద గడిచిందని, దానిలో చెడు ఉందని, ఆ చెడుతో ఇళ్ళు కూలడం నాకూ తెలుసని చెప్పాను. అదే ఆకులో దేవుడు ఇంకొకటి కూడా పెట్టాడని, అది నీళ్ళలో కరగదని, నూనె తప్ప దాన్ని మోసుకుపోయేది లేదని, మేము అది నూనెలో సరిగా ఇమిడేలా చేయడానికే ఏళ్ళు పట్టిందని చెప్పాను. ప్రతి రోజూ బీరువా తాళం తీసే ముందు ప్రార్థన చేసుకునేదాన్నని, ఆ సంగతి ఎవరికీ తెలియదని చెప్పాను. తలకు రాస్తే అది పాప మెదడుకు చేరదని కూడా చెప్పాను.

మామూలుగా సాక్ష్యంలో మాట మాటకూ స్తోత్రం అంటారు. నా మాటలకు ఒక్కరూ అనలేదు. నరసరావుపేటలో ఆ పెద్దాయన చిన్న నవ్వు గుర్తొచ్చింది.

పాస్టరు గారు మెల్లగా అన్నారు, "యేసయ్య చెప్పిన కథలో, దారిలో దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఒకాయన ఎత్తుకున్నాడు గదా. గాయాల్లో నూనె పోశాడు. మందుగానే పోశాడు గదా అది?"

"గాయంలో పోశాడు అయ్యగారూ, నోట్లో పోయలా," అంది మార్తమ్మ.

చాపల మీద నవ్వులు. పాస్టరు గారు కూడా తల దించుకుని నవ్వారు. మార్తమ్మ లేచి పోయి ఆ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మాయ్, ఇన్నేళ్ళు చేశానంటన్నావ్. నువ్వెప్పుడన్నా తాగావా?"

"లేదక్కా."

"అయితే తాగు. పాపకి డాక్టరు ఎంత చెప్పాడో అంత తాగు."

సంచిలోంచి సిరంజి తీసి కొలిచి నోట్లో పోసుకున్నాను. నువ్వుల జిడ్డు, తీపి, చివర్లో సన్నని చేదు. ముప్పై ఏళ్ళ నా పని రుచి అది. నాకు ఏడుపు వచ్చింది. అదే మత్తేమోనని ముందు వరసలో ఆడవాళ్ళు జరిగి కూర్చున్నారు.

"ఉపాసం పోయింది నీది," అంది మార్తమ్మ.

ఆ రోజంతా ఆమె నన్ను కళ్ళముందు నుంచి కదలనివ్వలేదు. దొడ్లో కూర్చోబెట్టి మూడు వేళ్ళు చూపించి ఎన్ని అంది. నడవమంది. అది చాలక, "కీర్తనల్లో అన్నిటికన్నా పొడుగుది ఉంది గదా, అది చూడకుండా చెప్పు. మత్తులో ఉన్నోళ్ళు చెప్పలేరు," అంది. హాస్టల్లో బెత్తం కింద నేర్చుకున్న నూట డెబ్బై ఆరు వచనాల కీర్తన. మొదలుపెట్టాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింటోంది. నీడ అరుగు దిగి గాబు దాకా పోయింది.

"ఆడ తప్పావు," అంది ఒకచోట.

"అది మత్తు కాదక్కా, వయసు."

మొదటిసారి మార్తమ్మ నోరు తెరిచి నవ్వింది.

పొద్దుగూకే వేళ సలోమి వచ్చింది. సంగతి విని గడపలో కూలబడింది. "అత్తా! ఇన్ని నెలలు!"

"నా మనవరాలికి ఇసం పోయమంటావా? భయమేసింది, అందుకే పోయలా. ఇప్పుడు ఈమె తాగింది, చూశా. ఇంక పోస్తా," అని మార్తమ్మ లేచింది. వేడి అన్నంలో నెయ్యి కలిపి పాపకు తినిపించింది. నెయ్యి ఉంటే మందు ఒంటికి బాగా పడుతుంది, రోజూ ఇట్లాగే పెట్టమని చెప్పాను. తర్వాత సిరంజి తానే పట్టుకుని కొలిచి నోట్లో పోసింది.

కెజియా పెదాలు నాక్కుంది. "బాగుంది నానమ్మా! ఇంత బాగుండేది ఇన్నాళ్ళూ నెత్తికి పోశావా?"

అందరం నవ్వాం. సలోమి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. మార్తమ్మ గూట్లోంచి మామూలు నువ్వుల నూనె సీసా తీసి పక్కన పెట్టింది. వచ్చే శుక్రవారం నుంచి బల్ల కిందికి పోయేది అదే అంది. మాడుకు అది, నోటికి ఇది.

మాచర్ల

మర్నాడు సలోమి కోత మానుకుని పాపతో సహా నన్ను మాచర్ల దాకా దిగబెట్టింది. రైలు పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. ఆ చివర చూపించి కెజియా, "ఇంక అవతల ఏముంటది?" అని అడిగింది. బజారులో చెరకు రసం తాగాం. రంపాల కింద రాళ్ళు కోస్తున్న చప్పుడు ఊరంతా వినిపిస్తోంది.

"పెద్దమ్మా, ఇది గూడా పనిచేయకపోతే?" అంది సలోమి పాప వినకుండా.

ఆమెకు అబద్ధం చెప్పలేను. "చాలామంది పిల్లలకు పనిచేయదమ్మా. కొందరికి సగం తగ్గుతుంది. పూర్తిగా పోయేది తక్కువమందికి. కానీ ఇప్పుడు మనకు తెలుస్తుంది. ఇంతవరకు తెలియలేదు."

ఆమె తల ఊపింది. బస్సు కిటికీలోంచి రేగుపళ్ళ పొట్లం అందించింది. సాగర్ మీదుగా వస్తుంటే కృష్ణ నీళ్ళు కిందెక్కడో సన్నగా మెరిశాయి. పక్క సీటు హైదరాబాదు దాకా ఖాళీగానే ఉంది.

ఇంటికి వచ్చాక

డాక్టరు మందు ఆపలేదు. మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చాడు. సలోమి అప్పుడప్పుడు ఫోన్ చేసేది. ఒకరోజు మగతగా ఉందని, ఒకరోజు అన్నం తినలేదని, మూర్ఛలు అట్లాగే ఉన్నాయని. నేను ప్రతి ఫోనుకూ లేచి నిలబడేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన ఫోనులో గొంతు సలోమిది కాదు.

"అమ్మాయ్, నేను మార్తమ్మని. రోజుకి నాలుగు వచ్చేయి గదా. మొన్న రెండు. నిన్న ఒకటే. ఇయ్యాల ఇంకా రాలా. ఇంకా అంటన్నా, పొద్దు ఉంది గదా."

"స్తోత్రం," అన్నాను.

"ఇనుపడుద్దా? ఇంకో మాట. ఇయ్యాల ప్రార్థనలో నీ పేరు గూడా చెప్పా. అవసరం ఏందని అడిగారు అయ్యగారు. నువ్వేం చెప్పలా గదా నాకు. అందుకని నేనే చెప్పా, ఒక్కతే ఉంటది అయ్యగారూ అని. అందరం ప్రార్థన చేశాం. సరేనా? ఉంటా."

ఫోన్ పెట్టేసింది. ఒక్కదానివేనా అని ఆ ప్రయాణమంతా నన్ను అడుగుతూనే ఉన్నారు, నేను అవునంటూనే ఉన్నాను. ఆ మాట దేవుని దగ్గరకు మోసుకుపోయింది మాత్రం గురజాల మార్తమ్మ.

ఇది చదివిన మీరు ఒక్క క్షణం పుస్తకం పక్కన పెట్టండి. మీరు దేవుణ్ణి ఏ పేరుతో పిలిచినా సరే, ఆ ఇంట్లో ఈ పొద్దు మూర్ఛ లేకుండా గుంకాలని నాతో కలిసి అడగండి. పాప పేరు కెజియా. తర్వాత మీకు తెలిసినవాళ్ళలో ఒక్కరే ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ పేరు కూడా పైకి అనండి. నేను కళ్ళు మూసుకుంటున్నాను. మీరూ మూసుకోండి.